చేతి మీద నరాలా, సిరలా?

ప్రశ్న: లియొనార్డో డావించి గీసిన చేతి బొమ్మ ఒకటి చూశాను. కింద తెలుగులో "ముసలివాడి చేతి నరాలు" అని రాశారు. డాక్టరీ చదువుతున్న మా అబ్బాయి "అవి నరాలు కాదమ్మా, సిరలు" అంటాడు. సూది వేసే నర్సు కూడా "నరం దొరకట్లేదు" అనే అంటుంది కదండీ! ఏది ఒప్పు?

జవాబు: నర్సు మాటా తప్పు కాదు, మీ అబ్బాయి మాటా తప్పు కాదు. వాడుకలో నరం చాలా చాకిరీ చేస్తుంది. సెలైన్ ఎక్కించేది నరానికే, నరాల డాక్టరు చూసేదీ నరాన్నే. రాత్రి పిక్క పట్టేస్తే "నరం మీద నరం ఎక్కింది" అంటాం. మొదటిది సిర, అంటే రక్తాన్ని గుండెకు చేర్చే గొట్టం. రెండోది నాడి, అంటే మెదడుకూ ఒంటికీ మధ్య కబుర్లు మోసే తీగ. మూడోది అసలు కండరం! ఇదేదో తెలుగుకే పట్టిన తెగులనుకోకండి. లాటిన్‌లో 'నెర్వుస్' అన్నా అంతే, కండను ఎముకకు కట్టే తాడూ అదే, నాడీ అదే. స్నాయువు అనే మాట సంగతి ఇంకా తమాషా. హిందీలో అది నాడి, మరాఠీలో కండరం. మన పాఠ్యపుస్తకాల్లోని స్నాయుబంధనమేమో కండను ఎముకకు కలిపే కట్టు.

అయినా ఆ బొమ్మ కింద నేనైతే సిరలు అనే రాస్తాను. 1507-08 చలికాలంలో ఫ్లోరెన్స్‌లోని సాంతా మరియా నువోవా ఆసుపత్రిలో, నూరేళ్లు దాటాయని చెప్పుకున్న ఓ ముసలాయన ఏ బాధా లేకుండా మంచం మీద కూర్చునే కన్నుమూశాడు. అంత సుఖమైన చావుకు కారణమేమిటో చూద్దామని లియొనార్డో ఆ శవాన్ని కోశాడు. చేతి బొమ్మ వేసిన కాగితం మీదే ముసలివాళ్ల రక్తనాళాలు మెలికలు తిరిగి, పడుచువాళ్లవి తిన్నగా ఉంటాయని పోల్చి గీశాడు. ఆయన పట్టుకున్న విషయమే రక్తనాళం. కింద 'నరాలు' అని ఉంటే, నరాల బలహీనత గురించేమోనని చదివేవాళ్లు పక్కదారి పడతారు.

1510-11 నాటి అరచేతి బొమ్మల్లో మళ్లీ వేరే సరుకు. వేలిని ముడిచే పై కట్టు రెండుగా చీలితే, ఆ సందులోంచి లోపలి కట్టు దూరి వేలి కొసదాకా పోతుంది. అక్కడ స్నాయుబంధనాలు అనాలి. మరీ బరువుగా ఉందంటే టెండాన్లు అనండి, నాకేం అభ్యంతరం లేదు. కథలోనైతే కోపం వచ్చినవాడి కణతల మీద నిక్షేపంగా నరాలే ఉబ్బనివ్వండి.

శాస్త్రీయంగా ఉంటుందని ఆ ముసలాయన చేతి కింద 'నాడులు' అని మాత్రం దిద్దకండి. నాడి చూడడమంటే మన జనానికి మణికట్టు పట్టుకోవడమే. అక్కడ కొట్టుకునేది ధమని, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే గొట్టం.