ముక్కుతోందా? ఎన్నింటికి మొదలైంది?

ప్రశ్న: మా పొమరేనియన్‌కి (చిన్నజాతి కుక్క) ఇది రెండో కాన్పు. జత కట్టించి 58 రోజులైంది. మొదటిసారి సాయంత్రం నుంచి నొప్పులు పడుతుంటే, ‘మూగజీవాలకి అన్నీ తెలుసు, దాని మానాన దాన్ని వదిలెయ్యండి’ అన్నారు. తెల్లారేసరికి మూడు పిల్లల్లో రెండు చచ్చి పుట్టాయి. ఈసారి డాక్టర్ దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్ళాలో ఎలా తెలుస్తుంది?

జవాబు: మీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమందమ్మా. చాలా కుక్కలు ఎవరి సాయమూ లేకుండానే ఈనుతాయి, నిజమే. అలాగని తలుపేసి పడుకోకూడదు. కాస్త దూరంగా కూర్చుని, ప్రతిదీ ఎన్నింటికి జరిగిందో కాగితం మీద రాస్తూ ఉండండి.

ఎందుకంటున్నానంటే, నేను కొత్తగా వైద్యం మొదలుపెట్టిన రోజుల్లో ఒకాయన ఫోన్ చేసి ‘పొద్దుట్నుంచీ నొప్పులు పడుతోంది’ అన్నారు. ఎలాంటి నొప్పులని నేను అడగలేదు. ఇంకాస్త చూడమన్నాను. తీసుకొచ్చేసరికి ఒక పిల్ల కాళ్ళు లోపలికి ముడుచుకుని, తోకవైపు నుంచి వచ్చి ఇరుక్కుపోయింది. తల్లి బతికింది, ఆ పిల్ల దక్కలేదు. అప్పట్నుంచీ ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒకటే: ముక్కుతోందా? ఎన్నింటికి మొదలైంది?

వగర్చడం, వణకడం, తిండి మానడం, గుడ్డలు గీకి పక్క సర్దుకోవడం తొలిదశ. ఇది 6 నుంచి 12 గంటలు, కొన్నిటికి రోజంతా కూడా సాగుతుంది. దీనికి భయపడకండి. ఇప్పట్నుంచీ రోజుకి రెండుమూడు సార్లు ఆసనంలో థర్మామీటర్ పెట్టి చూడండి. మామూలుగా 101 డిగ్రీలకి పైన ఉండేది 99 కన్నా కిందకి దిగితే సాధారణంగా ఒక రోజులోపు ఈనుతుంది. దిగి 24 గంటలైనా ముక్కడం మొదలవకపోతే చూపించాలి.

పొట్ట బిగబట్టి గట్టిగా ముక్కడం మొదలయ్యాక మాత్రం గడియారం చూడాలి. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే బయల్దేరండి. పిల్లకీ పిల్లకీ మధ్య అరగంట, గంట ఎడం మామూలే. ముక్కకుండా, పుట్టినవాటిని నాకుతూ నెమ్మదిగా పడుకుంటే రెండు గంటలదాకా ఆగొచ్చు. లోపల ఇంకా ఉన్నాయని తెలిసీ అంతకు మించి ఆగొద్దు. ఎన్ని ఉన్నాయో తెలియాలంటే ఈ వారంలోనే ఎక్స్‌రే తీయించండి. 55 రోజులు దాటాక పిల్లల ఎముకలు స్పష్టంగా కనిపిస్తాయి, లెక్కపెట్టొచ్చు. ఒక్కటే పిల్ల ఉంటే అది బాగా పెరిగిపోయి ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ, చిన్నజాతి కుక్కల్లో మరీను.

ఇంకొకటి, మొదటి పిల్ల పుట్టకముందే ముదురాకుపచ్చ స్రావం కనిపిస్తే గంటలు లెక్కపెట్టే పని లేదు. మాయ విడిపోతోందని, అంటే లోపలి పిల్లకి ప్రాణవాయువు తగ్గిపోతోందని అర్థం. వెంటనే తీసుకెళ్ళాలి. మొదటి పిల్ల పుట్టాక అదే రంగు కనబడితే మామూలే. ఎర్రటి రక్తం ధారగా కారినా, తల్లి నీరసించి వాలిపోయినా అంతే తొందర. వెనక కాళ్ళు ముందు వచ్చిన పిల్లని చూసి మాత్రం హడలిపోవద్దు. చాలా పిల్లలు అలాగే సుఖంగా పుడతాయి.

నొప్పులు రావడానికని ఎవరైనా ఇంజెక్షన్ తెచ్చిస్తే వద్దనండి. దయచేసి ఈ ఒక్కమాట వినండి. పిల్ల అడ్డం పడి ఉన్నప్పుడు అది ఇస్తే గర్భసంచి చిట్లిపోవచ్చు. ఈనకముందు కాల్షియం మాత్రలు కూడా సొంతంగా వెయ్యొద్దు. ఒంటికి తన ఎముకల్లోని కాల్షియం తీసి వాడుకునే అలవాటు తప్పి, పాలిచ్చేటప్పుడే కొరత పడుతుంది.

ఆ కొరత చిన్నజాతి తల్లుల్లో ఎక్కువ. ఈనాక మొదటి నాలుగు వారాల్లో మీ కుక్క ఊరికే వగరుస్తున్నా, కాళ్ళు బిగుసుకుని తూలుతూ నడిచినా, ఒళ్ళు వణికినా, పిల్లల్ని పక్కకి తీసి తల్లిని ఆ క్షణమే డాక్టర్ దగ్గరికి ఎత్తుకెళ్ళండి. తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో ఈరోజే కనుక్కుని ఉంచుకోండి.