ఉలి పట్టడం రాని వాళ్ళు తంబుర చేయగలరా?

"నాకు వడ్రంగం అసలు రాదు. కర్రతో తంబుర చేయడం నేర్పే క్లాసులో చేరితే డబ్బు దండగ అవుతుందా?" అని అడిగారు.

దండగ కాదు, చేరండి. నేను నెల్లూరులో అలాంటి క్లాసుకే ఎనిమిది ఆదివారాలు వెళ్ళాను. అంతకుముందు గోడకు మేకు కొట్టాలన్నా మా బావమరిదిని పిలిచేవాణ్ణి. ఇప్పుడు నా చేత్తో చేసిన నాలుగు తీగల తంబుర మా ఇంట్లో ఉంది, శృతి నిలుస్తుంది కూడా.

నేను సరదాకి చేరలేదు. మాది కోవూరు దగ్గర పల్లె. మా జేజినాయన తంబుర మీటుతూ తత్వాలు పాడేవాడు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు ఇంట్లో నడుము లోతు నీళ్ళు. బియ్యం, పరుపులు, బీరువాలో బట్టలు అన్నీ పోయాయి, వాటి గురించి ఆయన ఒక్క మాట అనలేదు. తంబుర మాత్రం ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. జిగురు వదిలి కుండ (కింద బోలుగా ఉండే గుండ్రటి భాగం) మీది పలక లేచిపోయింది, దండి (పైన పొడవాటి మెడ) వంకర తిరిగింది. బాగు చేయిద్దామని ఒకరి దగ్గరికి తీసుకెళ్తే రెండు వేలు తీసుకొని ఫెవికాల్ దట్టించి, పైన మందంగా వార్నిష్ కొట్టి ఇచ్చాడు. మెరుపైతే వచ్చింది గానీ నాదం పోయింది. పలక అదరాలి కదండీ, అదిరితేనే మోత. దాని మీద అంత మందాన వార్నిష్ పూస్తే ఇంకేం అదురుతుంది? ఆన్‌లైన్‌లో అమ్మే మెరిసే ఏక్‌తారలు కూడా ఇంతే, షోకేసుకు తప్ప పనికిరావు.

క్లాసులో మాకు ఇచ్చింది పనసకర్ర. బొబ్బిలి వీణలు చేసేది కూడా దీంతోనే, ఒకే దుంగలో తొలిచిన దాన్ని ఏకాండి వీణ అంటారు. పచ్చటి పొట్టు రాలుతుంది, రెండో వారానికి నా చొక్కా, గోళ్ళు అన్నీ పసుపే. మాలో ఉదయగిరి నుంచి వచ్చిన ఒకామె ఉండేది, కొయ్య గరిటెలు, స్పూన్లు చెక్కడం వాళ్ళ ఇంటి పని. నేను కుండలో ఉలి దించితే పెచ్చులు లేచేవి, ఆమె దించితే వెన్న గీసినట్టు పొర వచ్చేది. "అన్నా, పోగుకు ఎదురు పోతున్నావు, కర్రని తిప్పుకో" అని ఆమె చెప్పిన ఒక్క మాట నాకు రెండు ఆదివారాలు మిగిల్చింది.

అయితే అందరూ కుండ గురించే అడుగుతారు. ఎంత పెద్దది, ఏం కర్ర, నగిషీ ఉందా అని. నా లెక్కలో తంబుర అంటే బిరడాలే, తీగలు చుట్టి బిగించే కొయ్య మేకులు. బిరడా నిలవకపోతే శృతి నిలవదు, శృతి నిలవకపోతే అది ఉత్త కొయ్య.

ఒక్క బిరడాకి నాకు పట్టిన టైము చెప్తాను. గట్టి చేవ కర్రను చివరికి సన్నబడేలా చెక్కాలి, దండిలో బెజ్జం కూడా అదే వాలులో ఉండాలి. మాకు నేర్పే ఆచారి గారు బిరడాకు బొగ్గు పూసి బెజ్జంలో పెట్టి ఒకసారి తిప్పి బయటికి తీయమన్నారు. తీస్తే కొన్నిచోట్ల బొగ్గు నున్నగా మెరుస్తుంది, కొన్నిచోట్ల పూసింది పూసినట్టే ఉంటుంది. మెరిసిన చోట బిగువు ఎక్కువని అర్థం, అక్కడ మాత్రమే ఆకురాయితో రెండు సార్లు గీకి మళ్ళీ బొగ్గు, మళ్ళీ తిప్పడం. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే పన్నెండున్నరకి కూడా ఒక్కటి కుదరలేదు. ఆకలేసి, విసుగొచ్చి గట్టిగా నాలుగు సార్లు గీకేశాను. బిరడా మెడదాకా లోపలికి దిగిపోయింది. బిగించబోతే పెట్టిన ఒత్తిడికి బెజ్జం అంచున దండి చీలింది. ఆచారి గారు తిట్టలేదు. "ఏంది నాయనా, కర్ర ఏమన్నా పారిపోతాదా?" అన్నారు, అంతే. ఆ బెజ్జాన్ని కర్రముక్కతో పూడ్చి, చీలికకు జిగురు పెట్టి దారంతో బిగించి వారం ఆరబెట్టి, తర్వాతి ఆదివారం మళ్ళీ తొలిచాం. ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇంకోటి, మన వైపు వానాకాలం అక్టోబరు, నవంబరులో. తేమకి బిరడాలు ఉబ్బి కదలవు. రోహిణి కార్తెలో ఎండిపోయి తీగ తిప్పీ తిప్పగానే జారిపోతాయి. జారితే సుద్దముక్క రుద్దండి, బిగుసుకుంటే కాస్త సబ్బు. బలపం రుద్దకండి, నేను రుద్ది చూశాను, ఇంకా జారింది.

ఇంత అవస్థ ఎందుకు, ఫోన్‌లో శృతి యాప్ ఉంది కదా అంటారు. మా ఊరి భజనలో ఇప్పుడు శృతిపెట్టె ప్లగ్గులో పెట్టి మూలన పడేస్తున్నారు, కరెంటు పోతే పాట కూడా ఆగుతోంది. 2022లో పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు వాట్సాప్ స్టేటస్ పెట్టని వాడు లేడు. మరి మన ఊళ్ళో బుర్రకథ తంబురలు ఎవరి అటకల మీద ఉన్నాయో ఎవరూ అడగరు. ఇది నాకు నిజంగా బాధ.

చివరి ఆదివారం తీగలు కట్టాక మోత పొడిగా వచ్చింది. పలక మీద తీగలు ఆనే కొయ్యముక్కను గుర్రం అంటారు, దాని మీద తీగ కిందకి ఆచారి గారు చిన్న నూలుపోగు దూర్చి, గోటితో వెంట్రుకవాసి జరిపారు. దాన్ని జీవాళి అంటారు. ఒకచోట ఉన్నట్టుండి తీగ తుమ్మెదలా రొద చేయడం మొదలుపెట్టింది. క్లాసులో అందరం పని ఆపేశాం.

ఇంటికి తెచ్చి జేజినాయనకి ఇచ్చాను. ఆయనకిప్పుడు సరిగా వినపడదు. కుండను చెంపకి ఆనించుకొని మీటాడు, పక్కన పెట్టి అన్నం తిన్నాడు, గంట తర్వాత మళ్ళీ తీసి మీటి చూశాడు. "శృతి దిగలేదురా" అన్నాడు.

మీరు డబ్బు కట్టే ముందు ఒక్క సంగతి అడగండి. బిరడాలు మేమే చెక్కుకోవాలా, రెడీమేడ్‌వి ఇస్తారా అని. రెడీమేడ్ అంటే వేరే క్లాసు చూసుకోండి.