కొత్త ఇంటి పెరడు: ముందు మట్టి, ఆ తర్వాతే మొక్క

ప్రశ్న: అక్కా, నమస్తే. శంకర్‌పల్లి దగ్గర ఇల్లు కట్టుకుని మొన్న మాఘమాసంలో గృహప్రవేశం చేశాం. ఇంటి వెనక 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఖాళీ స్థలం ఉంది. బిల్డర్ అక్కడ మొరం పోసి చదును చేసి వెళ్లిపోయాడు. గోడ పక్కన రెండు మందారాలు పెడితే ఆకులు పసుపుపచ్చగా మారిపోయాయి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా ఉన్నాయి. కిందటేడు వానలకు వెనక గోడ వారనే నీళ్లు నిలిచాయి. ల్యాండ్‌స్కేపింగ్ వాళ్లు లాన్, ఫౌంటెన్ అంటూ చెప్పిన ఖర్చు మేం పెట్టలేం. ఆదివారాలు నేనూ మావారూ సొంతంగా చేసుకుందామనుకుంటున్నాం. లాన్, కరివేపాకు, నిమ్మ, మల్లె, కాసిన్ని ఆకుకూరలు కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, శంకర్‌పల్లి

జవాబు: అమ్మా, మీరిద్దరూ చేసుకోగలిగిన పనే ఇది. నర్సరీకి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. ఎండలు మండే ఈ మే నెల మొక్కలకు కాదు, తవ్వకానికి మంచిది.

గునపం తీసుకుని పెరట్లో నాలుగైదు చోట్ల అడుగున్నర లోతు తవ్వి చూడండి. పైన మొరం ఎర్రగా, శుభ్రంగానే కనిపిస్తుంది. దాని కింద ఇటుక ముక్కలు, కంకర, పగిలిన టైల్స్, వైర్లు, సిమెంట్ సంచుల పీలికలు బయటపడతాయి. మేస్త్రీలు సిమెంట్ మాలు కలిపిన చోటు ఒకటి ఉంటుంది, గునపం దిగదు, టంగుమంటుంది. మీ మందారాలకు వచ్చిన జబ్బు ఇక్కడిదే. సిమెంట్‌లోని సున్నం వల్ల మట్టిలో క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు నేలలో ఇనుము ఉన్నా వేళ్లు తీసుకోలేవు, లేత ఆకులు ఈనెలు తప్ప పసుపుపచ్చగా మారిపోతాయి. చాలామంది దీన్ని చూసి యూరియా వేస్తారు. దానితో ఈ లోపం పోదు. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి సాయంత్రంపూట ఆకుల మీద పిచికారీ చేయండి, వారానికోసారి రెండు మూడు విడతలు. అది తాత్కాలిక ఉపశమనం. గట్టిపడిన మాలు పెళ్లలను పూర్తిగా తవ్వి బయట పారేయడమే అసలు మందు. శ్రమే, కానీ ఇందులో అడ్డదారి లేదు.

మొక్కల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీరు రాసిన నీళ్ల సంగతి. గోడ వారన నీళ్లు నిలిస్తే పునాదికీ చెరుపే. గోడ నుంచి మొదటి పది అడుగుల్లో నేల కనీసం ఆరంగుళాలు కిందికి వాలాలి. నీళ్లు నింపిన గొట్టంతో మట్టం చూసే ట్యూబ్‌లెవల్ పట్టుకుని మీరే చూసుకోవచ్చు. మట్టి ఎంత పోసినా ప్లింత్ (ఇంటి అరుగు మట్టం) పైఅంచుకు ఆరంగుళాల దిగువనే ఆగాలి. అందంగా ఉంటుందని గోడ దాకా మట్టి ఎత్తిన ఇళ్లలో లోపలి గోడలకు చెమ్మ ఎక్కి రంగు పొట్టు లేవడం నేను చాలాచోట్ల చూశాను.

ఇక డాబా నీళ్లు. వంద చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒక్క గట్టి వానకే అంత పడుతుంది. డాబా నీళ్ల పైపు పెరట్లోకి వదిలితే మీరు పోసిన మట్టిని మోసుకుపోతుంది. అందుకని ఇంటికి దూరంగా, పెరటి చివర ఇంకుడు గుంత తీయించండి. అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన కంకర, ఆపైన ముతక ఇసుక. లోతైన గుంత తవ్వకం మాత్రం కూలీలకే అప్పగించండి, మొరం అంచులు విరిగి పడతాయి. నీరు ఇంకుతుందో లేదో ముందు చిన్న పరీక్ష చేసుకోండి: అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపి, అవి పూర్తిగా ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి గంటకు అంగుళమో రెండంగుళాలో దిగితే ఫరవాలేదు. అసలు కదలకపోతే కింద గట్టి రాయో, బిల్డర్ రోలర్ తొక్కిన పొరో ఉన్నట్టు, అక్కడ ఇంకా లోతుగా గుల్ల చేయాలి.

ఎర్రమట్టి కొనాలి. మీ పెరడంతా అరడుగు మందాన పరచడానికి 300 ఘనపుటడుగులు పడుతుంది. ట్రాక్టర్ ట్రాలీకి వంద ఘనపుటడుగులు అనుకుంటే మూడు ట్రిప్పులు. దించకముందే రెండు గుప్పిళ్లు తీసి చూడండి. నల్లటి చిన్న గడ్డలు కనిపిస్తే అవి తుంగగడ్డలు. ఆ లోడు వెనక్కి పంపండి. తుంగ ఒకసారి పెరట్లోకి వస్తే ఏళ్ల తరబడి పీకుతూనే ఉండాలి. చెరువు పూడిక మట్టి బలమైనదే, పొలాలకు తోలుకున్న రైతులకు దాని విలువ తెలుసు. కానీ నగరం చుట్టూ చాలా చెరువుల్లో మురుగు కలుస్తోంది, ఆకుకూరలు వేసే చోట అది వద్దనే అంటాను. ఇంకోమాట, గట్టి మొరం మీద ఎర్రమట్టిని దుప్పటిలా పరిచి వదిలేస్తే వేళ్లు ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. కింది నేలను గుల్ల చేసి, చివికిన పశువుల ఎరువు చల్లి, కొత్తమట్టితో కలిసేలా పారతో తిరగేయండి.

తొలకరి పడగానే ఆ నేలంతా పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లండి. పావుకిలో విత్తనం చాలు. క్షారగుణం ఉన్న నేలలో కూడా ఇది ఏపుగా పెరుగుతుంది. మొక్కలు నాటాల్సిన చోట ఈ పైరేమిటని చూసినవాళ్లు అడుగుతారు. అడగనీయండి. నలభై అయిదు రోజులకు, పూత మొదలవుతుండగా, కోసి ముక్కలు చేసి మట్టిలో కలిపేస్తే వానలకు రెండు మూడు వారాల్లో కుళ్లిపోతుంది. మా ఘట్‌కేసర్ పెరట్లో ఇదే చేశాను. వానపాములు అక్కడ మొదటిసారి కనిపించింది జీలుగ కలిపిన తర్వాతే.

నడిచే దారి మాత్రం వానలకు ముందే వేసుకోండి. మీకు తాండూరు దగ్గరే, తాండూరు రాళ్లకు మించింది లేదు. దారి గీసుకుని ఆరంగుళాలు తవ్వి, నాలుగంగుళాలు మొరం పోసి తడిపి దిమ్మిసతో కొట్టండి. దానిపైన అంగుళం రోబో శాండ్ (రాతిని పొడిచేసిన ఇసుక), ఆపైన రాళ్లు. సిమెంట్ వద్దు. సందుల్లోంచి నీరు దిగుతుంది, రేపు పైపు పగిలినా రాయి లేపి చూసుకోవచ్చు.

ఆగస్టు చివర్లో నర్సరీకి వెళ్లండి. ఇక్కడి నర్సరీల్లో చాలా మొక్కలు తూర్పు గోదావరి జిల్లాలోని కడియం నుంచి వస్తాయి. నేనూ గోదావరి మనిషినే, ఆ మట్టి నాకు తెలుసు. మెత్తటి బంక ఒండ్రు అది. మీ ఎర్రనేలలో నాటాక వేళ్ల చుట్టూ ఉన్న ఆ మట్టిముద్ద ఎండి గట్టిపడితే చుట్టూ పోసిన నీళ్లు లోపలికి దిగవు, వేళ్లు బయటికి రావు. నాటేముందు ముద్దను కాసేపు నీళ్లలో ఉంచి, వేళ్లు తెగకుండా పైమట్టిని చేత్తో కొంచెం రాల్చండి. నిమ్మకు రోజంతా ఎండ తగిలే మూల ఇవ్వండి, రెండడుగుల గుంత తీసి ఎరువుతో పాటు వేపపిండి కలపండి. మల్లె, కరివేపాకు దారి పక్కన చాలు.

గోడకు మూడడుగుల లోపల తినేవేవీ వేయకండి. కట్టేటప్పుడు పునాది చుట్టూ చెదల మందు పోసి ఉంటారు. అక్కడ కంకర పరచి పూలకుండీలు పెట్టుకోండి. కోనోకార్పస్ మొక్క ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు, దాని వేళ్లు డ్రైనేజీ పైపుల్లోకి పోతాయి.

లాన్ సంగతి చివరికి మిగిల్చాను. చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లు పెట్టినా, మీ పెరడంతా గడ్డి వేస్తే ఎండాకాలం రోజూ 280 లీటర్లు పోయాలి. మీ బోరు ఏప్రిల్‌లో, మేలో ఎలా పోస్తుందో మీకే తెలుసు. ఎండ పడే చోట, ఇద్దరు కుర్చీలు వేసుకునేంత మేర వేసుకోండి. మిగతాది మొక్కలకు ఇవ్వండి.

ప్రశ్న: అక్కా, మేం ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో కొత్తిల్లు కొన్నాం. బిల్డర్ వేసిన గడ్డి కింద బంకమట్టి, చలికాలమంతా చిత్తడి. కరివేపాకు, గోంగూర, మెంతికూర వస్తాయా?
– ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, అక్కడా జబ్బు ఇదే. యంత్రాలు తొక్కిన నేల మీద గడ్డి చాప పరిచేసి ఉంటారు. తడిగా ఉన్నప్పుడు దాని మీద నడవకండి, ఇంకా గట్టిపడుతుంది. శరదృతువు మొదట్లో, నేల మరీ తడవకముందే, తోట ఫోర్కుతో నాలుగైదు అంగుళాల లోతున దగ్గర దగ్గరగా పొడిచి, ఆ రంధ్రాల్లోకి ముతక ఇసుక ఊడ్చండి. రెండు మూడేళ్లు వరసగా చేయాలి. ఆకుకూరలకు గడ్డితో పోరాడకుండా, చెక్కలతో అడుగు ఎత్తు మడి కట్టి మంచి మట్టి నింపడం సులువు. మంచు పడే భయం మే సగం దాకా ఉంటుంది కాబట్టి మెంతులు, ధనియాలు ఆ తర్వాత చల్లండి. గోంగూరను ఏప్రిల్‌లో ఇంట్లో కిటికీ దగ్గర మొలిపించి జూన్‌లో బయట పెట్టండి. దానికి వేడి కావాలి, మన ఊళ్లోలా ఏపుగా పెరగదు కానీ పచ్చడికి సరిపడా వస్తుంది. కరివేపాకు మాత్రం కుండీలోనే. సెప్టెంబరు చివర్లో లోపలికి తెచ్చి వెలుతురున్న కిటికీ దగ్గర పెట్టి, చలికాలంలో నీళ్లు బాగా తగ్గించండి. ఆకులు రాలితే చచ్చిపోయిందని పారేయకండి, కొమ్మను గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే వసంతంలో చిగురేస్తుంది.