పాత పాటల పెట్టె: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒడిశాలోని రాయగడ, గజపతి, గంజాం, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగువారివే. అటకల మీంచి 1960ల రికార్డులు దించి, మళ్ళీ పాడిద్దామని చూస్తున్నవాళ్ళే అందరూ. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న (రాయగడ): మా దగ్గర 10 అంగుళాల బరువైన రికార్డులు కొన్ని, 7 అంగుళాలవి కొన్ని ఉన్నాయి. సూట్‌కేసులా మూసే కొత్త ప్లేయరు కొన్నాం. దాని మీద 78 అనే మీట ఉంది. అయినా పెద్ద రికార్డులు పెడితే పాట కన్నా గరగర ఎక్కువ. రికార్డులు అరిగిపోయినట్టేనా?

జవాబు: రికార్డుల మాట తర్వాత, ముందు ముల్లు చూడండి. 78 వేగం (నిమిషానికి 78 చుట్లు) ఉన్నంత మాత్రాన అది 78 రికార్డులకు పనికొచ్చే ప్లేయరు కాదు. ఎల్పీ (33⅓ వేగపు పెద్ద రికార్డు), ఈపీ (45 వేగపు 7 అంగుళాల రికార్డు) గాడి సన్నం. స్టీరియో ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పాత మోనో ఎల్పీల ముల్లుది 25. 78 రికార్డు గాడి దానికి మూడింతలు వెడల్పు కాబట్టి 65 నుంచి 75 మైక్రాన్ల ముల్లు కావాలి. సన్నముల్లు ఆ గాడి గోడలకు ఆనదు, అడుక్కి దిగిపోతుంది. పాట ఉండేది గోడల మీద. అడుగున ఉండేది దుమ్మూ, పాత ఉక్కుముళ్ళు రాల్చిన పొడీ. మీకు వినిపిస్తున్న గరగర అదే. ప్లేయరు కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చిన చిన్న పెట్టె) మోడల్ సంఖ్య చూసి, దానికి సరిపడే 78 ముల్లు విడిగా తెప్పించుకోండి. ముల్లు ఊడదీసే వీలు లేని ప్లేయరు అయితే దాని మీద 78 పెట్టవద్దు.

పాత ఫిలిప్స్, గెరార్డ్ ప్లేయర్లలో చాలావాటికి కార్ట్రిడ్జ్ పక్కన చిన్న తిప్పుడు పుల్ల ఉంటుంది. ఒకవైపు తిప్పితే 78, రెండోవైపు తిప్పితే ఎల్పీ. ఎల్పీ మీద పొరపాటున 78 ముల్లు దింపితే అది గాడిలో కూర్చోదు, పైన జారుతూ గీరేస్తుంది. ఆ గీత ఇక పోదు.

చేత్తో కీ ఇచ్చే గ్రామఫోను ఉన్నవాళ్ళకి రెండు జాగ్రత్తలు. ఉక్కుముల్లు ఒక వైపు పాడించగానే తీసి పారేయాలి. లక్కతో చేసిన 78 రికార్డులో రాతిపొడి కలుస్తుంది, అది మొదటి కొన్ని చుట్లలోనే ముల్లును గాడి ఆకారానికి సానపడుతుంది. అదే ముల్లును రెండోసారి వాడితే అరిగిన అంచులు గాడిని కోస్తాయి. రెండోది, ఆ గ్రామఫోను మీద ఈపీ గానీ ఎల్పీ గానీ ఒక్కసారి కూడా పెట్టకండి. సౌండు బాక్సు (ముల్లు బిగించే తల) బరువు 100 గ్రాములు దాటుతుంది. ఎల్పీ, ఈపీలు చేసే వినైల్ ప్లాస్టిక్ అంత బరువు ఓర్చుకోలేదు, ఒక్క ఆటతోనే గాడి చెరిగిపోతుంది.

ముల్లు గాడి దాటుకుపోతోందని ఆర్మ్ తల మీద రూపాయి బిళ్ళ పెట్టడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు. ఇప్పటి రూపాయి బిళ్ళ 3 నుంచి 4 గ్రాములు. సిరామిక్ కార్ట్రిడ్జ్‌కి కావలసిన మొత్తం బరువే 4 నుంచి 6 గ్రాములు, అంటే మీరు దాన్ని ఇంచుమించు రెట్టింపు చేస్తున్నారు. ముల్లు ఎగరడానికి కారణం వేరే ఉంటుంది: గాడిలో మురికి, వంగిన రికార్డు, ఆర్మ్ ఇరుసులో గట్టిపడ్డ గ్రీజు, లేదా అరిగిన ముల్లు. నీలం రాయి ముల్లు 40, 50 గంటలు, వజ్రపు ముల్లు 500 గంటల పైన పనిచేస్తాయి. ఎన్నాళ్ళు వాడారో తెలియని ముల్లును మార్చేయడమే మేలు.

ప్రశ్న (గుణుపురం): వానాకాలం వస్తే రికార్డుల మీద తెల్లటి బూజు. మెడికల్ షాపు స్పిరిట్‌తో తుడవచ్చా?

జవాబు: ముందు అది లక్క రికార్డో వినైలో తేల్చుకోండి. లేబుల్ మీద 78 అని ఉండి, బరువుగా ఉండి, గోటితో తడితే పెంకు మోగినట్టు మోగితే అది లక్క రికార్డే. మన మన్యంలో మోదుగ, రేగు చెట్ల మీద పెరిగే లక్క లాంటిదే అందులోనూ ఉండేది, రాతిపొడి, నూలుపీచు, మసి కలిపి అచ్చు పోసేవారు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. బల్లలకు పాలిష్ పెట్టే వడ్రంగులు లక్కను కరిగించేదీ దాంతోనే. ఒక్క తుడుపుకే నలుపు బట్టకు అంటుకుని గాడి మెత్తబడుతుంది. వాసన ఉన్నదేదీ 78 దగ్గరికి రానివ్వకండి.

లక్క రికార్డుకు గోరువెచ్చని నీళ్ళు కూడా వద్దు, చల్లని నీళ్ళు చాలు. అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రంగులేని గిన్నెల సబ్బునీళ్ళు రెండు చుక్కలు. మెత్తటి పెయింటు బ్రష్ తడిపి, గాడి తిరిగిన దిక్కునే నెమ్మదిగా తిప్పండి. అడ్డంగా రుద్దితే బూజు గాడిలోంచి బయటికి రాదు, ఇంకా లోపలికి దిగుతుంది. వెంటనే ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి, మెత్తటి పొడిబట్టతో ఒత్తండి. నానబెట్టవద్దు. అంచున పగులు ఉంటే అక్కడ నీళ్ళే తగలనివ్వవద్దు, పగులు లోపలికి పాకుతుంది.

వినైల్‌కి స్పిరిట్ వాడవచ్చు, అయితే పలచగా. డిస్టిల్డ్ వాటర్ 800 మి.లీ., ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200 మి.లీ., సబ్బునీళ్ళు మూడు చుక్కలు. మందుల దుకాణంలో సర్జికల్ స్పిరిట్ పేరుతో ఇచ్చేదాంట్లో నూనె లాంటివి కలిసి ఉండొచ్చు, సీసా మీద ఏముందో చదివి తీసుకోండి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది. బోరు నీళ్ళు మాత్రం వద్దు. ఆరాక అందులోని సున్నం గాడిలో మిగిలి టకటకమంటుంది. లేబుల్ తడవకుండా అరచేతి వెడల్పు ప్లాస్టిక్ మూత ఒకటి దాని మీద ఆనించి పట్టుకోండి. చివర్న ఉత్త నీళ్ళతో కడగడం మరవద్దు, లేకపోతే సబ్బు పొర ముల్లుకు చుట్టుకుంటుంది.

పూర్తిగా ఆరకముందు కవరులో పెడితే బూజు వారంలో తిరిగొస్తుంది. బూజు పట్టిన లోపలి కాగితాన్ని పారేసి కొత్త పాలిథీన్ కవరు తొడగండి. అట్టను ఎండ తగలని చోట గాలికి ఆరబెట్టండి. రికార్డులను నిలబెట్టి ఉంచాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. గోడకు బెత్తెడు ఎడం ఉంచండి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి చెమ్మ పీల్చాక మార్చండి.

ప్రశ్న (పర్లాకిమిడి): సినిమాలో మూడు చరణాలున్న పాటకు రికార్డులో రెండే ఉన్నాయి. నకిలీ రికార్డా?

జవాబు: కాదు. 10 అంగుళాల 78 రికార్డు ఒక వైపు దాదాపు 3 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. పాట అంతకన్నా పొడవైతే చరణం తీసేసేవారు, లేదా మధ్య వాయిద్యాలు కుదించేవారు, లేదా రెండు వైపులా పంచి 1వ భాగం, 2వ భాగం అని వేసేవారు. కొన్ని పాటలు రికార్డు కోసం విడిగా పాడినవి. జాగ్రత్తగా వింటే గమకం, వాయిద్యాల పొందిక సినిమాలోలా ఉండవు. 7 అంగుళాల ఈపీలో ఒక వైపు 6, 7 నిమిషాలు పడతాయి కాబట్టి రెండు పాటలు ఎక్కేవి. అయితే 78 కోసం కుదించిన రికార్డింగునే ఈపీ మీదికి దించినప్పుడు కోత అలాగే ఉండిపోతుంది. రేడియోలో విని పెరిగినవాళ్ళ చెవుల్లో ఉన్నది రికార్డు పాటే, సినిమాలోది కాదు. రెండూ దాచుకోవలసినవే.

ప్రశ్న (జయపురం): ఘంటసాల గొంతు మరీ బరువుగా, సుశీల గొంతు ఇంకెవరిదో అన్నట్టు వినిపిస్తోంది. ప్లేయరు చెడిందా?

జవాబు: వేగం తగ్గింది. చిన్న కాగితం ముక్క రికార్డు అంచున అంటించి, పాట నడుస్తుండగానే చుట్లు లెక్కపెట్టండి. ముల్లు ఎత్తేసి లెక్కపెడితే లెక్క తప్పుతుంది, ముల్లు రాపిడి కూడా వేగాన్ని లాగుతుంది. ఎల్పీ అయితే 3 నిమిషాల్లో సరిగ్గా 100 చుట్లు రావాలి. ఈపీ నిమిషానికి 45. వేగం నూటికి 6 పాళ్ళు తగ్గితే హార్మోనియం మీద ఒక మెట్టు శ్రుతి దిగుతుంది, గొంతు పోలిక మారిపోవడానికి అది చాలు.

బెల్టు ప్లేయరైతే తొంభై పాళ్ళు తప్పు బెల్టుదే. సాగి జారుతుంది, లేదా కరిగి జిగురవుతుంది. జిగురును స్పిరిట్ తడిపిన దూదితో పుల్లీ మీంచి పూర్తిగా తీసేయండి. దారాన్ని బెల్టు దారిలో చుట్టి కొలవండి, ఆ పొడవుకు నూటికి 5 పాళ్ళు తక్కువ ఉన్న బెల్టు కొనండి. మరీ బిగువుగా ఉంటే మోటారు ఇరుసు అరిగి గుర్రుమంటుంది. రబ్బరు చక్రంతో తిరిగే ప్లేయరైతే చక్రం అంచు గట్టిపడి నున్నబడి ఉంటుంది, స్పిరిట్‌తో తుడిచి, సన్నటి గరుకు కాగితంతో ఒకే ఒక్కసారి తేలిగ్గా రాయండి. పళ్ళెం ఇరుసులో కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేయండి. ఆ నూనె రబ్బరుకు తగిలితే మళ్ళీ మొదటికొస్తుంది.

చుట్ల లెక్క సరిగ్గా ఉండి, గొంతు మాత్రం ఊగుతూ ఉంటే తప్పు వేగానిది కాదు. రికార్డు నడిమి రంధ్రం పక్కకు జరిగి ఉంటుంది. మధ్యముక్క ఊడిన ఈపీల్లో ఇది మామూలే, సరైన అడాప్టరు పెడితే పోతుంది. విదేశం నుంచి తెచ్చిన పాత ప్లేయరైతే 60 హెర్ట్జ్ కరెంటుకు చేసినదేమో చూడండి. మన 50 హెర్ట్జ్ మీద ఎల్పీ నిమిషానికి 28 చుట్ల దగ్గరే ఆగుతుంది.

ప్రశ్న (బరంపురం): కొనబోయే రికార్డు సినిమా వచ్చినప్పటిదో, తర్వాత వేసినదో ఎలా తెలుస్తుంది?

జవాబు: లేబుల్ మీది సంఖ్య ముందున్న అక్షరాలు మొదటి ఆనవాలు. హెచ్.ఎం.వి. 78కి ఎన్, కొలంబియా 78కి జి.ఇ., హెచ్.ఎం.వి. ఈపీకి 7 ఇ.పి.ఇ., మోనో ఎల్పీకి ఇ.సి.ఎల్.పి., స్టీరియో ఎల్పీకి ఇ.సి.ఎస్.డి. ఈ సంఖ్య సరుకుది. లేబుల్ చుట్టూ నున్నటి చోట గీకి ఉన్న సంఖ్య రికార్డింగుది. రెండు రికార్డుల్లో అది ఒకటే అయితే ఒకే మాస్టర్ నుంచి వచ్చాయన్నమాట.

అట్ట మీద చిరునామాలో పిన్‌కోడ్ ఉందా? అయితే ఆ అట్ట 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చయినది, ఎందుకంటే పిన్‌కోడ్ మొదలైందే ఆ రోజు. వృత్తంలో పి అక్షరం, పక్కన సంవత్సరం ఉంటే 1970ల్లో గానీ ఆ తర్వాత గానీ వచ్చినది. 78 కనిపించగానే 1940ల సరుకు అనుకోవద్దు. బీటిల్స్ పాటలు కూడా 1960ల్లో మన దేశంలో పార్లోఫోన్ లేబుల్ మీద 78 రికార్డులుగా వచ్చాయి.

కొనేముందు దీపం వెలుగు వాలుగా పడేలా రికార్డును పట్టుకోండి. నల్లగా నిగనిగలాడాలి. బూడిదరంగు మెరుపు కనిపిస్తే బరువైన ముల్లు గాడిని తినేసినట్టే, దాన్ని ఏ కడుగుడూ బాగుచేయదు. పైపైన సన్నటి గీతలున్నా నలుపు నిలిచిన రికార్డు దానికన్నా ఎంతో మేలు. 78 అయితే అంచు చుట్టూ వేలు పోనిచ్చి వెంట్రుక పగులు ఉందేమో చూడండి.

ప్రశ్న (కోరాపుట్): హిందీ గాయకులు ఆ రోజుల్లో తెలుగులో పాడారా?

జవాబు: పాడారు. లతా మంగేష్కర్ 1955లో ‘సంతానం’లో సుసర్ల దక్షిణామూర్తి సంగీతంలో పాడారు. మహమ్మద్ రఫీ 1969లో ‘భలే తమ్ముడు’లో టి.వి. రాజు సంగీతంలో ఎన్టీఆర్‌కి పాడారు. హిందీలో ‘చైనా టౌన్’ (1962) తెలుగు రూపం అది. అందులో షమ్మీ కపూర్‌కి పాడిందీ రఫీయే. ఆ రెండు రికార్డులూ దొరికితే ఒకదాని తర్వాత ఒకటి వినండి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మొదటి పాట రికార్డయింది 1966 డిసెంబరులో, కాబట్టి ఆయన పేరున్న లేబుల్ అంతకు ముందుది కాజాలదు.

ప్రశ్న (మునిగుడ): పాటలను కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలంటే?

జవాబు: సిరామిక్ కార్ట్రిడ్జ్ ప్లేయరు వైరు నేరుగా బయటి ధ్వని తీసుకునే ఆక్స్‌లో పెట్టవచ్చు. మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కి మధ్యలో ఫోనో ప్రీ-ఆంప్ (ముల్లు నుంచి వచ్చే బలహీన ధ్వనిని పెంచే పెట్టె) కావాలి. అది లేకపోతే ధ్వని పీలగా, తబలా వినపడకుండా వస్తుంది. రికార్డింగుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో 24 బిట్ పెట్టి, శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. సున్నా దాటితే గొంతు ఎత్తినచోట చిట్లుతుంది.

ఆనాటి తెలుగు సినిమా రికార్డులు మోనోవి. స్టీరియో ముల్లు గాడి అడుగున పైకీ కిందికీ ఊగే చప్పుడును కూడా పట్టుకుంటుంది. రికార్డయ్యాక ఎడమ, కుడి కలిపి మోనో చేస్తే ఆ చప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుని చాలావరకు తగ్గుతుంది. గరగర తీసే మీటలు ముట్టుకోకముందు ఈ పని చేయండి. నాయిస్ రిడక్షన్ ఎక్కువ వేస్తే సుశీల గొంతులోని ఊపిరి, వీణ మీటు చివర రెండూ పోతాయి. అందుకే ఏమీ దిద్దని ఫైలు ఒకటి విడిగా దాచండి.

మీ ప్లేయరుకు 78 వేగం లేక, 78 ముల్లు మాత్రం ఉంటే 45 మీద రికార్డు చేసి, ఆడాసిటీలోని ఛేంజ్ స్పీడ్‌లో 73.33 శాతం పెంచండి. ఫైలు పేరులో సినిమా, పాట, గాయకులతో పాటు లేబుల్ మీది సంఖ్య, గాడి పక్క గీకిన సంఖ్య కూడా రాయండి. లేబుల్‌కి ఫొటో తీసి అదే ఫోల్డర్లో పెట్టండి.