నెల్లూరులో స్వింగ్, బ్లూస్ డాన్స్‌కి పాటలు పెట్టాలంటే ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న: నెల్లూరులో ఒక చిన్న హాలు మాట్లాడుకుని ముప్పై నలభై మందితో స్వింగ్, బ్లూస్ డాన్స్ సాయంత్రం పెడుతున్నాం. పాటలు పెట్టే పని నాకప్పగించారు. పెళ్లి డీజేలు చేసేది చూశాను, ల్యాప్‌టాప్ ఉంది. ఇంకేం కావాలి? మధ్యలో తెలుగు పాటలు వేయొచ్చా?

జవాబు: పెళ్లి డీజేని చూసి నేర్చుకున్నదాంట్లో సగం ముందు పక్కన పెట్టేయండి. పాటలో పాట కలపడం, సగంలో కోసేయడం, మైకులో అరిచి ఊపు తేవడం ఇక్కడ పనికిరావు. స్వింగ్‌లో ఇద్దరు చేతులు పట్టుకుని ఒక పూర్తి పాటకి ఆడతారు. బ్యాండు చివరి దెబ్బ మీద సరిగ్గా ఆగాలని కాచుకుని ఉంటారు. ఆ దెబ్బ పడనివ్వండి, తర్వాత మూడు నాలుగు సెకన్లు నిశ్శబ్దం ఉంచండి. ఆ ఖాళీలోనే జతలు మారతాయి. ప్లేయర్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర్లోకి ఇంకో పాటని కలిపేది), ఆటోప్లే రెండూ ఆపేయండి.

ఇక మీ అసలు పని వేగం ఎంచడం. స్వింగ్ డాన్సుల్లో ముఖ్యమైన లిండీ హాప్‌ని కొత్తగా నేర్చుకునేవాళ్లకి నిమిషానికి 120 నుంచి 140 దెబ్బలు హాయిగా ఉంటాయి. అడుగులు కుదిరినవాళ్లు 140 నుంచి 180 దాకా ఆడగలరు. 200 దాటితే నేల మీద మిగిలేది కొద్దిమందే. సాఫ్ట్‌వేర్ చూపించే బీపీఎంని (నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే అంకె) నమ్మొద్దు. 85 ఉన్న బ్లూస్‌ని 170 అంటుంది, 200 ఉన్న స్వింగ్‌ని 100 అంటుంది. పైగా 1930లు, 40ల స్వింగ్ బ్యాండ్లు మెట్రోనోమ్ (సమంగా తాళం కొట్టే పరికరం) పెట్టుకుని వాయించలేదు, పాట సాగేకొద్దీ వేగం కాస్త పెరగడం మామూలే. పాట నడిమధ్య 15 సెకన్లు కాలితో తాళం వేసి లెక్కపెట్టి, నాలుగుతో గుణించి, ఆ అంకెని ఫైలు పేరు ముందే రాసుకోండి.

వేగం ఒకటే ఉన్నా ప్రతి పాటా స్వింగ్ అవదు. మన లెక్కలో చెప్పాలంటే ప్రతి దెబ్బా తిశ్ర నడకలో విరగాలి: 'తకిట' అనుకుని మధ్య అక్షరాన్ని మింగేస్తే వచ్చే సాగతీత అది. 'తకధిమి'లా నాలుగు సమభాగాలుగా విరిగితే మూడుసార్లు అడుగు వేసే స్టెప్ పాట మీద కూర్చోదు. వేగం బాగా పెరిగితే ఈ సాగతీత తగ్గి సమానానికి దగ్గరవుతుంది, అది తప్పు కాదు. 'ఎలెక్ట్రో స్వింగ్' పేరుతో దొరికేవాటిలో చాలావాటికి అడుగున సమంగా దంచే మెషిన్ డ్రమ్ము ఉంటుంది. చెవికి స్వింగ్‌లా అనిపిస్తుంది గానీ కాలికి ఆనదు.

లిండీ హాప్ న్యూయార్క్ హార్లెంలోని నల్లజాతి వాళ్ల నాట్యం. 1926లో తెరిచి 1958లో మూసేసిన సవోయ్ బాల్‌రూమ్ దానికి పెద్ద ఇల్లు. అందుకని మీ సంచిలో ముప్పావు వంతు 1930లు, 40ల రికార్డులే ఉండాలి: చిక్ వెబ్, కౌంట్ బేసీ, డ్యూక్ ఎల్లింగ్టన్, జిమ్మీ లన్స్‌ఫర్డ్, బెన్నీ గుడ్‌మన్. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే బేసీ దగ్గర మొదలుపెట్టండి. ఆయన బ్యాండులో ఫ్రెడ్డీ గ్రీన్ గిటార్ నాలుగు దెబ్బలూ కొడుతుంది, వాల్టర్ పేజ్ డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాయిద్యం) నడుస్తూ ఉంటుంది, జో జోన్స్ హైహ్యాట్ (డ్రమ్ సెట్‌లోని జంట తాళాలు) పైన తేలుతుంది. డాన్సర్ కాళ్లు వినేది ఆ మూడింటినే. 78 ఆర్‌పీఎం పది అంగుళాల ప్లేటు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది కాబట్టి పాటల నిడివి కూడా డాన్స్‌కి సరిగ్గా సరిపోతుంది.

ఒకే బ్యాండు ఒకే పాటని వేర్వేరు ఏళ్లలో వేర్వేరు వేగాల్లో రికార్డు చేసింది. ఫైలు పేరులో ఏడాది లేకపోతే ఏదో ఒకరోజు 150 అనుకుని 210ది పెడతారు. తాళం లేకుండా సాగే దీర్ఘమైన మొదలు, చప్పట్లతో నిండిన లైవ్ రికార్డింగు, ముగిసినట్టే ముగిసి మళ్లీ లేచేది, ఇలాంటివాటికి గుర్తు పెట్టుకోండి. 1960లలో పాత మోనోని కృత్రిమంగా స్టీరియో చేసిన ప్రతులు గుహలోంచి వచ్చినట్టు మోగుతాయి, అవి వద్దు. వీడియోల నుంచి లాగిన ఎంపీ3ల్లో హైహ్యాట్ ఇసక రాలినట్టు వినిపిస్తుంది. కొనుక్కున్న ఫైళ్లే వాడండి. హాల్లో నెట్‌ని నమ్ముకోవద్దు.

రెండు గంటలకి 35 పాటలు పడతాయి. 70 తీసుకెళ్లండి, ముందే వరస రాసుకోవద్దు. మొదట్లో స్టెప్పులు నేర్పే క్లాసు ఉంటే, అది అయిన వెంటనే 125, 130. తర్వాత 140, 155, 170, ఒకటి 185, మళ్లీ 135కి దిగాలి. 180 పైన వరసగా రెండు పెడితే మన కోస్తా ఉక్కలో జనం గోడ పక్కకి చేరి చొక్కాలు విదుల్చుకుంటారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లని చూడండి. సగం మంది కూర్చుంటే తర్వాతది అందరికీ తెలిసిన, మధ్యస్థ వేగం పాట. షిమ్ షామ్ (జతలు లేకుండా అందరూ కలిసి ఒకే స్టెప్పులు వేసేది) ఆడాలని అడుగుతారు. లన్స్‌ఫర్డ్ బ్యాండు 1939లో రికార్డు చేసిన 'టెయింట్ వాట్ యూ డూ' దానికి వాడుక, దగ్గర పెట్టుకోండి.

బ్లూస్‌కి వేగం 60 నుంచి 110. బ్లూస్ అంటే ఏడుపు పాటలని చాలామంది అనుకుంటారు. బెస్సీ స్మిత్‌నీ, మెంఫిస్ మిన్నీనీ, మడ్డీ వాటర్స్‌నీ వినండి, వెటకారం, కోపం, కోరిక అన్నీ ఉంటాయి. గిటార్ సోలో పది నిమిషాలు సాగే రాక్ వద్దు. నాలుగున్నర నిమిషాలు మించిన నెమ్మది పాట వేయకపోవడం మర్యాద కూడా: పరిచయం లేనివాళ్లు దగ్గరగా ఆడుతుంటారు, ఇబ్బందిగా ఉన్నవాళ్లకి త్వరగా బయటపడే వీలుండాలి. దీపాలు తగ్గించండి, పూర్తిగా ఆర్పేయొద్దు.

సౌండ్ దగ్గర ఎక్కువ చెడేది ఇది. మైక్ సెట్ వాళ్లు ఖాళీగా ఉన్న మైక్ ఛానల్లోకి ఒకే పెద్ద జాక్ గుచ్చి ఇస్తారు. ఆ జాక్ స్టీరియోది, ఆ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్ (రెండు తీగల మధ్య తేడానే తీసుకునేది) అయితే మిక్సర్ ఎడమలోంచి కుడిని తీసేసి మిగిలింది మాత్రమే వినిపిస్తుంది. కొత్త సినిమా పాటైతే గొంతు పలచబడి వాయిద్యాలు మోగుతాయి, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 1930ల రికార్డులు మోనో, రెండు వైపులా ఒకటే. తీసేస్తే మిగిలేది దాదాపు సున్నా. అందుకే సౌండ్ చెక్ బేసీ పాటతోనే చేయండి. 3.5 ఎంఎం నుంచి రెండు 6.35 ఎంఎం మోనో జాక్‌లుగా చీలే కేబుల్ మీరే తీసుకెళ్లి, రెండు లైన్ ఛానళ్లలో పెట్టించి, ప్యాన్ (శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపే నాబ్) మధ్యకి తిప్పించండి. 1950ల చివరి నుంచి వచ్చిన స్టీరియోల్లో డ్రమ్స్ ఒకవైపు, ట్రంపెట్లు ఒకవైపు ఉంటాయి కాబట్టి విండోస్‌లో మోనో ఆడియో ఆన్ చేయండి.

తర్వాతి పాట చెవిలో వినాలంటే రెండో అవుట్‌పుట్ కావాలి. చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ హాలుకి, ల్యాప్‌టాప్ సాకెట్ హెడ్‌ఫోన్‌కి. పాటలు పెట్టడానికి మిక్స్ (Mixxx) అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మూడు ఎక్స్‌లు ఉన్న పేరుతో వెతకండి. అందులో రీప్లేగెయిన్ (పాటల శబ్దాన్ని ఒకే స్థాయికి తెచ్చేది) ఆన్ చేస్తే ఒక పాట గుసగుస, ఇంకోటి కేక అయ్యే బాధ తగ్గుతుంది. బుయ్ మని హమ్ వస్తే ముందు చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే గ్రౌండ్ తేడా, బ్యాటరీ మీద నడపండి లేదా ఐసొలేషన్ ఉన్న డీఐ బాక్స్ (ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె) పెట్టించండి.

కల్యాణమండపం బేస్ బాక్సులు తగ్గించమంటే సెట్ వాళ్లు ఒప్పుకోరు, పట్టుబట్టండి. రాతి నేల, ఖాళీ గోడలున్న హాల్లో 100 హెర్ట్జ్ చుట్టుపక్కల అంతా గుమ్మని కలిసిపోయి డబుల్ బేస్ ఒక్కో అడుగు వినపడదు. అక్కడ 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గిస్తే నడక బయటపడుతుంది. ట్రంపెట్ చెవిలో గుచ్చుకుంటే 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2, 3 డెసిబెల్స్ తగ్గించండి. టాప్ స్పీకర్లు తలల కంటే ఎత్తులో స్టాండ్ మీద ఉండాలి, కింద పెడితే ముందువాళ్ల నడుములే వింటాయి.

నేల చీమకుర్తి గ్రానైట్ పాలిష్ అయితే చెమట పడిన చోట కాలు జారుతుంది. క్యారమ్ పౌడర్ చల్లమని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోవద్దు, రాతి మీద అది ఇంకా ప్రమాదం. పొడి గుడ్డతో అరగంటకోసారి తుడిపించండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేటప్పుడు స్పీకర్లు టప్ మనకుండా ముందు మిక్సర్‌లో మాస్టర్ వాల్యూమ్ దించండి, తర్వాత ఆపిన పాటని మధ్యలోంచి కాకుండా మొదటి నుంచి పెట్టండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ల మీద 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ఆంక్ష ఉంది. మూసిన హాలుకి మినహాయింపు ఉన్నా, తలుపులు తెరిచి పెట్టుకునే మన ఊళ్లో 9:45కి చివరి పాట ప్రకటించడం మంచిది.

తెలుగు పాటలు తప్పకుండా వేయొచ్చు, రాత్రి మొత్తానికి ఒకటో రెండో. 1950లు, 60ల సినిమా క్లబ్బు పాటల్లో వెతకండి. చాలావాటిలో పల్లవి స్వింగ్‌లో నడిచి చరణం వేరే తాళంలోకి వెళ్లిపోతుంది, కొన్ని ట్విస్టు, అది సమంగా విరిగే నడక. మొత్తం పాటకి 'తకిట' పెట్టి చూసి, చివరి దాకా నిలిచినదాన్నే ఎంచుకోండి. జనం బాగా వేడెక్కిన రెండో గంటలో, 130, 140 మధ్య వేగంలో ఉన్నదైతే నేల నిండుతుంది.