నమ్మేసే గుణం పాలలోంచి రాదమ్మా

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా ఆయనకు 54 ఏళ్లు. ముందు పైసా పైసా లెక్క చూసే మనిషి. రెండేళ్లుగా ఎవరేం చెప్పినా తలూపేస్తున్నాడు. అడిగినోళ్లందరికీ జామీను సంతకాలు పెట్టాడు, చీనీకాయలు అమ్మిన డబ్బు ఏదో స్కీములో పోశాడు. ఎనుములు పాలు చేపడానికి వేసే సూదిలో ‘నమ్మకం హార్మోన్’ ఉంటుందని వీడియోలో చూశాను. ఆ పాలు తాగే ఇలా అయ్యాడా?

జవాబు: లేదమ్మా, పాల వల్ల కాదు. ఆ సూదిమందు పేరు ఆక్సిటోసిన్. మన ఒంట్లోనూ ఊరుతుంది. కాన్పు నొప్పులు వచ్చేదీ, తల్లికి పాలు చేపేదీ దానివల్లే. కాన్పు కాగానే రక్తం ఎక్కువ పోకుండా ఆసుపత్రిలో వేసేదీ అదే. నోటితో తీసుకుంటే మాంసకృత్తుల్లాగే అరిగిపోతుంది. డాక్టర్ చీటీ లేకుండా ఎనుములకు వేయడం మాత్రం తప్పు, మానేయమనండి.

ఆ ‘నమ్మకం’ పేరు 2005లో జ్యూరిక్‌లో జరిగిన ప్రయోగంతో వచ్చింది. ముక్కులో ఈ మందు స్ప్రే చేసిన యువకులు డబ్బు ఆటలో ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో ఎక్కువ సొమ్ము పెట్టారు. తర్వాత ఇంకా ఎక్కువమందితో చేస్తే ఆ ఫలితం నిలబడలేదు. 2012లో డచ్ శాస్త్రవేత్తలు చూసింది వేరు: ఈ మందు తీసుకున్నవాళ్లు తమ జట్టువాళ్ల అభిప్రాయం వైపు మొగ్గారు, పరాయి జట్టు వైపు కాదు. అంటే హార్మోన్ మహా అయితే కాస్త మొగ్గు చూపిస్తుందేమో గానీ, జామీను కాగితం మీద సంతకం పెట్టించదు.

నన్ను కలవరపెట్టింది మీరు రాసిన ‘రెండేళ్లుగా’ అన్న మాట. పుట్టుకతో మెతక మనిషైతే అది స్వభావం. లెక్క చూసే మనిషి యాభై దాటాక ఇలా మారితే జబ్బేమో అని చూడాలి. మెదడు ముందు భాగం దెబ్బతినే జబ్బుల్లో మతిమరుపు కంటే ముందే మంచిచెడ్డల విచక్షణ తగ్గవచ్చు. థైరాయిడ్, బి12 లోపం, మద్యం, ఉన్మాదం కూడా కారణం కావచ్చు. వణుకుడు జబ్బుకు ఇచ్చే కొన్ని మాత్రలు డబ్బు విషయంలో దుడుకుతనం తెస్తాయి.

ఆయన్ను తిట్టకండి, పిచ్చి అనకండి. షుగరు, బీపీ చూపిద్దామని చెప్పి అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లి, ముందు జనరల్ మెడిసిన్ డాక్టరుకు చూపించండి. అవసరమైతే వాళ్లే మానసిక వైద్యులకో నరాల డాక్టరుకో పంపుతారు. జామీను పెట్టినవాళ్ల మీద కూడా అప్పు పూర్తిగా పడుతుంది కాబట్టి ఈలోగా పాస్‌బుక్కులు, చెక్కులు మీ దగ్గరో పెద్దబ్బాయి దగ్గరో పెట్టండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆయన వాడే మందుల చీటీలన్నీ, నాటుమందులతో సహా, సంచిలో వేసుకెళ్లండి.