దేవుడు జగత్తుకు ఏ రకమైన కారణం?

నిమిత్త కారణం, ఉపాదాన కారణం అంటే ఏమిటి, దేవుడు ఈ రెంటిలో ఏది అని అడిగారు. కుండకు మట్టి ఉపాదానం, అంటే ముడిసరుకు; కుమ్మరి నిమిత్తం, అంటే చేసేవాడు. తర్కానికి పేరుపడ్డ న్యాయ దర్శనంలో ఈశ్వరుడు కుమ్మరి లాంటివాడే. పరమాణువులు నిత్యం, ఆయన చేసినవి కావు. 10వ శతాబ్దపు న్యాయ పండితుడు ఉదయనుడు ఏమంటాడంటే, జడమైన పరమాణువులు రెండు కలిసి ద్వ్యణుకం (రెండు అణువుల జంట) కావాలన్నా ఒక చేతనుడు పూనుకోవాలి.

చిక్కంతా ఇక్కడే. అలాగైతే దేవుడు ఉన్న సరుకుతో సర్దుకున్నట్టే కదా! అందుకే శంకరులు, రామానుజులు రెండు కారణాలూ బ్రహ్మమే (పరమాత్మే) అన్నారు. ముండకోపనిషత్తు బ్రహ్మాన్ని తనలోంచే దారం తీసే సాలీడుతో పోల్చేది ఇందుకే. మరి బ్రహ్మమే జగత్తయితే అది మారిపోయినట్టేగా? మార్పు తోచడమే తప్ప నిజంగా జరగదని శంకరులు తేల్చేశారు. జీవులూ జడమూ బ్రహ్మానికి శరీరం, మార్పులు ఆ శరీరానికే అన్నారు రామానుజులు. నాకు ఈ రెండో జవాబే నచ్చుతుంది. కళ్లెదుటి లోకాన్ని కొట్టిపారేయక్కర్లేదు. (దేవుడికి శరీరమేంటన్న గొడవ వేరే ఉందనుకోండి.)

మధ్వుల మాట వేరు: ఉపాదానం ప్రకృతి (జగత్తుకు మూలమైన జడ పదార్థం), విష్ణువు నిమిత్తం మాత్రమే. కాకపోతే ఆ ప్రకృతి ఉనికి కూడా ఆయన చేతిలోనే.